నలభై అడుగుల ఎనిమిది

వరంగల్ చౌరస్తా కాడ ఫ్లెక్స్ దుకాణం మేడ మీద
పాత మానిటర్ ముందు మూడు వానకాలాలు కూర్చుని
ఒక అక్షరాల కుటుంబాన్ని కట్టాను.
రూలు ఒక్కటే: అంతా వృత్తమే.
గీత మందం ఎక్కడా మారదు,
కొస ఎక్కడా గుచ్చుకోదు,
చప్పరించిన పిప్పరమెంటు లాగ
చివరలన్నీ నున్నగ.

తెలుగుకు ఇదేం కొత్త సోకు కాదనుకున్నాను.
సున్న పుట్టుకతోనే గుండ్రం.
ఠ కడుపులో చుక్క దాచుకున్న బాలింత.
ఒక్క తలకట్టే లొంగలేదు.
పెండ్లి పందిట్లో రుమాలు తీయని పెద్దమనిషి లాగ
సగానికి పైగా అక్షరాల నెత్తినెక్కి
నా వృత్తలేఖినిని చూసి నవ్వింది.

బోర్డులు రాసే ఓదెలు
ఉడుత తోక కుంచె పక్కన పెట్టి పదేండ్లు.
మేకు, దారం, టిఫిన్ డబ్బా మూత,
అంతే అతని జ్యామితి.
మా మిషను మీద కోపం ఉండాల్సిన మనిషి
చాయ్ గ్లాసుతో తెర ముందు నిలబడి అన్నాడు:
"సున్నను సక్కగ గీత మీద కూసోవెట్టినవు బిడ్డా,
అందుకే పొట్టిగైంది.
గుండ్రంది జరంత కిందికి దిగాలె.
కొలతకు తప్పయితెనే కంటికి ఒప్పయితది."

వెంట్రుక మందం దించాను.
సున్న లేచి నిలబడింది.

తర్వాత అది నన్నడగకుండా తిరిగింది.
కాజీపేట ఆటోల వెనక,
పిల్లల దవాఖాన తలుపు మీద,
ములుగు రోడ్డులో కుల్ఫీ బండికి,
గ్రూపు లోన్లిచ్చే కంపెనీ గోడకు కూడా.
వాళ్ల మేనేజర్ ఏరి మరీ దీన్నే అడిగాడు:
మెత్తగ ఉంటది మేడం, భయపెట్టదు.
వడ్డీని కూడా మెత్తగ రాయొచ్చని
నాకా రోజు తట్టలేదు.
బిల్లు మాత్రం రాశాను.

ఎనుమాముల మార్కెట్ ధరల బోర్డు
కార్తీకం చలిలో కట్టారు.
నర్సంపేట అవతల తండా నుంచి బానోతు హేమ్లా
పత్తి ట్రాలీ మీద నిలబడి
గేటు కాడి నుంచే చదివాడు:
ఎనిమిది వేల ఎనిమిది వందలు.
దిగి నడిచాడు.
ఆ నడకలో ఎవరి బాకీ తీర్చాడో,
ఎవరికి చెప్పులు కొన్నాడో నాకు తెలియదు.
నలభయ్యో అడుగు కాడ
ఎనిమిది మీది కడుపు తెగింది,
ఆరైంది.
పక్కదీ ఆరే.

మరునాడు దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు.
అరుస్తాడనుకున్నాను.
కుర్చీ జరిపితే కూర్చోలేదు.
"మీ ఆరు నోరు మూసుకున్నది" అన్నాడు,
అంతే, మెట్లు దిగిపోయాడు.

నిజమే.
తోక తిరిగొచ్చి తలను తాకబోయే ఆ వంపు
నా మూడు వానకాలాల గర్వం.
అద్దం ముందు బొట్టు దిద్దుకున్నట్టు
ఎన్ని రాత్రులు దిద్దానో దాన్ని.

ఆ రాత్రి ఆరు నోరు విప్పాను.
వృత్తం చెడింది.
ఓదెలు చూసి, ఇంకా తెరువు అన్నాడు.
ఇంకా తెరిచాను.
"ఈడ నిలబడి ఏం జూస్తవ్, రోడ్డవతలికి పో."
మూరెడు ఆరును అచ్చేసి షట్టరుకు అంటించి
హన్మకొండ బస్సుల నడుమ నుంచి ఉరికి
అవతలి మందుల షాపు మెట్ల మీద నిలబడి చూశాను.
ఆరు.
కండ్లు చికిలించి చూశాను.
ఆరు.
అందంగా లేదు. ఆరు.

కొత్త బోర్డు కట్టిన రోజు నేనూ పోయాను.
రేటు ఇంకా దిగింది, ఆరు వేల నాలుగు వందలు.
హేమ్లా రెండో ట్రాలీ గేటు కాడ ఆగింది.
ఈసారి అక్కడి నుంచే తెలిసింది అతనికి.
నా వైపు చూసి తలూపాడు,
బాగుంది అన్నట్టో, చదివాను అన్నట్టో.
తర్వాత చానాసేపు
దిగకుండా
పత్తి మీదనే కూర్చున్నాడు.